బొట్టు పెట్టని డ్రమ్ములు

తల్లి ముఖం నల్లబడిపోయిందన్న కబురు నాకు మొదట తెచ్చింది గరివిడామె.

ఆమెకు వేరే పేరు ఉంది, మంచి పేరు. కానీ మిల్లులో అందరూ ఆమెను పుట్టింటి ఊరు పెట్టే పిలిచేవారు. ఇక్కడ నేనూ అలాగే పిలుస్తాను. మిగతావాళ్ళ పేర్లు రాయను, మిల్లు పేరూ రాయను. మన రెండు జిల్లాల్లో జూట్ మిల్లులు ఎన్నో తెరిచారు, ఎన్నో మూశారు. అందులో ఏదో ఒకటి అనుకోండి.

ఆ ఉదయం నేను టెస్టింగ్ గదిలో నార తేమ చూస్తున్నాను. గుమ్మం అవతలి నుంచే కేక వినిపించింది.

"ఓలప్పో! బేగి రా. తల్లి మొకం నల్లగయిపోనాది."

"ఏ తల్లే?"

"ఏ తల్లేటి! మన పైడితల్లి. మిసను కాడ పటం. కళ్ళు కూడా అవుపడ్డం లేదు."

మిల్లులో నన్ను అందరూ 'పంతులమ్మగోరు' అనేవారు. మా నాన్నగారు గుడిలో అర్చకులు, అందువల్ల వచ్చిన పేరది. అప్పా అని, సొంత అక్కను పిలిచినట్టు, పిలిచేది గరివిడామె ఒక్కతే. ఎందుకలా పిలుస్తావని నేను అడగలేదు. అడిగితే మానేస్తుందేమోనని భయం.

ఇది చదువుతున్న పిల్లల్లో చాలామంది పదో తరగతిలోనో ఇంటర్లోనో హైడ్రోకార్బన్ల పాఠం చదివే ఉంటారు. పరీక్ష అయిపోగానే మరిచిపోయీ ఉంటారు. నేను బడి మొహం చూడలేదు. అమ్మ మంచం మీద ఉండేది, ఆడపిల్లల హైస్కూలు దూరం. నాన్నగారే ఉదయం అభిషేకం అయ్యాక, సాయంత్రం హారతికి ముందు, మండపం మెట్ల మీద కూర్చోబెట్టి చదువు చెప్పారు. లెక్కలు తాళం వేయించి నేర్పారు. మెట్రిక్ ప్రైవేటుగా కట్టి పాసయ్యాను. రసాయన శాస్త్రం మాత్రం ఆయనకూ రాదు, నాకూ రాదు. అది నాకు వచ్చింది మిల్లులో, తల్లి ముఖం నల్లబడిన తరువాత. అందుకే ఈ పాఠాన్ని నేను మరిచిపోలేను.

మా బ్యాచింగ్ విభాగం గురించి కొంచెం చెప్పాలి. జనపనారైనా, మన గోగునారైనా, వచ్చినప్పుడు కర్రలా బిరుసుగా ఉంటుంది. దాన్ని వడికే ముందు మెత్తబరచాలి. మినరల్ నూనెలో నీళ్ళు, కాస్త సబ్బు కలిపి చిలికితే పాలలా తెల్లగా వస్తుంది. రోలర్ల మధ్య నార వెళ్తుంటే దాని మీద ఆ పాలు ధారగా పడతాయి. నారను చేతులతో పరిచి యంత్రంలోకి తోసేది ఆడవాళ్ళు. పొద్దుట డ్యూటీ ఎక్కినప్పటి నుంచి దిగేదాకా వాళ్ళ చేతులు ఆ నూనెలోనే ఉంటాయి.

ఆ యంత్రం పక్క స్తంభానికి పైడితల్లి పటం, పటం కింద చిన్న ప్రమిద. పని మొదలు పెట్టే ముందు దీపం పెట్టడం అక్కడి ఆడవాళ్ళ అలవాటు. ఇంటి నుంచి నువ్వుల నూనె తెచ్చుకోవాలి కదా. తెచ్చేవారు కాదు. వత్తిని తీసుకెళ్ళి డ్రమ్ములో ముంచేవారు. ఉద్యోగంలో చేరిన కొత్తలో అది చూసి నా ప్రాణం పోయినంత పనైంది. ఆవు నెయ్యి, నువ్వుల నూనె, ఆముదం తప్ప దేవుడి ముందు ఇంకోటి వెలగకూడదని పెరిగినదాన్ని. ఆ విభాగం మేస్త్రీతో అంటే ఆయన పకపకా నవ్వాడు.

"మీ అయ్యగోరి గుడికి దేవస్తానం నూనె. మా తల్లికి కంపినీ నూనె. కంపినీ కూడు తింటన్నాం, కంపినీ నూనే ఎలిగిస్తాం. తప్పేటి?"

ఆ దీపం నిదానంగా, నిలకడగా వెలిగేది. ఏళ్ళ తరబడి పటం అద్దం మీద మసి చార కూడా పడలేదు. తల్లికి అభ్యంతరం లేనప్పుడు మధ్యలో నాకేమిటని నేనూ వెళ్ళేటప్పుడు ఒక దండం పెట్టుకునేదాన్ని.

ఆ రోజు గరివిడామె వెనక పరుగెత్తుకు వెళ్ళేసరికి స్తంభం చుట్టూ గుంపు చేరింది. అద్దమంతా కాటుక పట్టినట్టుంది. మేస్త్రీ తలపాగా తీసి చేతిలో పట్టుకుని నిలబడ్డాడు.

"ఎవుతో మైలతో ముట్టుకున్నాది. నేకపోతే తల్లి ఇలగ మొకం దాసుకోదు."

ఆ మాటతో అందరి కళ్ళూ గరివిడామె చేతుల మీదికి వెళ్ళాయి. ఆమె చేతులు నేనూ అప్పుడే సరిగా చూశాను. వేళ్ళ సందుల నుంచి మోచేతుల దాకా ఎర్రగా, నల్ల తలలున్న పొక్కులు. కొన్ని చిట్లి రసి కారుతున్నాయి. ఆమె గబుక్కున చెంగులో దాచుకుంది.

"అదిగో! అమ్మోరు పోసినాది దీనికి. పోసిన మనిసి మిసను కాడ దీపం ఎట్టినాది. తల్లికి కోపం రాదేటి?"

"నాకేం పోయలేదు మావా. నూనె పడక ఒచ్చినాది."

"ఇన్నేళ్ళూ పడిన నూనె ఇప్పుడు పడలేదేటే?"

మేస్త్రీ నా వైపు తిరిగి మేనేజరుగారితో చెప్తానన్నాడు. చెబితే ఏమవుతుందో అందరికీ తెలుసు. ఆమె పర్మినెంటు కాదు, బదిలీ కూలీ. రోజూ పొద్దున్న గేటు దగ్గర మేస్త్రీ పేరు పిలిస్తేనే పని. పిలవకపోతే ఇంటికి.

నాకు కోపం వచ్చింది. నేను తొందరగా కోపగించుకునే మనిషిని కాను. నాకు దొరికినదానికి రోజూ దేవుడికి కృతజ్ఞత చెప్పుకునే అలవాటున్న దాన్ని. కానీ తల్లి మీద నింద, ఒక పేదరాలి మీద నింద ఒకేసారి వేస్తుంటే ఊరుకోవడం నాకు భక్తి అనిపించలేదు.

"తల్లికి కోపం వస్తే చేతులు పుళ్ళు చేస్తుందా? తన ముఖానికి తానే మసి పూసుకుంటుందా? నోరు మంచిది కాదా మీకు?" అన్నాను. చెంగుతో అద్దం తుడిచాను. మసి జిడ్డుగా అంటుకుంది. వాసన చూస్తే టైరు కాలినట్టుంది.

"ఈ దీపంలో నూనె ఎక్కడిది?"

"ట్రయల్ డ్రమ్ముదప్పా," అంది గరివిడామె. "నువ్వు సెలవెట్టినప్పుడు కొత్త డ్రమ్మొకటి ఒచ్చినాది. మా మిసనుకే పోస్తన్నారు. ఆ నూనె నల్లగుంటాది, ముక్కు మండిపోతాది."

నాన్నగారి సంవత్సరీకాలకు నేను సెలవు పెట్టిన రోజులవి. మిల్లుకు సరుకిచ్చే వర్తకుడు చవక నూనె చూపించాడట. పరీక్షకని ఒక డ్రమ్ము తెప్పించి ఒక్క యంత్రానికి వాడి చూశారు. నార మెత్తబడింది, నూలు తెగలేదు, అందరికీ నచ్చింది. లారీ సరుకంతా అప్పటికే దారిలో ఉంది. చేతుల సంగతి ఎవరూ చూడలేదు.

అప్పట్లో మా టెస్టింగ్ గదికి కొత్తగా ఒక కెమిస్ట్ వచ్చింది. గజపతినగరం పిల్ల, ఎం.ఎస్సీ. చదివింది, సన్నగా, ఎప్పుడూ జడ ముందుకు వేసుకుని దాని కొస తిప్పుతూ ఉండేది. నన్ను పిన్నిగారూ అనేది. ఆమెకు మసి అంటిన చెంగు చూపించాను. జడ తిప్పడం ఆపేసింది.

"పిన్నిగారూ, మీకు ఓపికుందా? నేల మీద గీసి చెప్తాను," అని చాక్పీసు తీసుకుని కింద కూర్చుంది.

ఆమె చెప్పిందే నాకు అర్థమైనంతవరకూ మీకు చెబుతాను.

కార్బన్, హైడ్రోజన్, ఈ రెండే ఉండి మూడోది లేని పదార్థాన్ని హైడ్రోకార్బన్ అంటారు. కార్బన్‌కు నాలుగు చేతులు, హైడ్రోజన్‌కు ఒకటే చెయ్యి. ఏ చెయ్యీ ఖాళీగా ఉండకూడదు. ఏజెన్సీ ఆడవాళ్ళు థింసా ఆడేటప్పుడు ఒకరి వెనక ఒకరు చేతులు కలుపుకుని వరస కడతారు చూశారా, కార్బన్లు అలా వరస కడతాయి. పక్కనున్న దాన్ని ఒక్క చేత్తోనే పట్టుకుని, మిగిలిన చేతులన్నిటికీ హైడ్రోజన్లను తగిలించుకుంటే అది ఆల్కేన్. కడుపు నిండిన మనిషిలా నెమ్మదిగా ఉంటుంది, అందుకే సంతృప్తం అంటారు. పొట్టి వరసలు గ్యాసు బండలో ఉంటాయి. ఇంకాస్త పొడవైనవి పెట్రోలు, కిరోసిను. మరీ పొడవైనవి మా మిల్లు నూనె, కొవ్వొత్తి మైనం.

పక్కదాన్ని రెండు చేతులతో పట్టుకుంటే ఆల్కీన్. పచ్చి అరటిగెలను పండబెట్టే వాయువు ఆ జాతిది. మూడు చేతులతో పట్టుకుంటే ఆల్కైన్. మా వర్క్‌షాపులో వెల్డింగుకు కార్బైడు రాయి మీద నీళ్ళు పోసి పుట్టించే వాయువు అదే. వీటికి హైడ్రోజన్లు తక్కువ, కుదురు తక్కువ, ఇంకొకరు దొరికితే కలుపుకోవాలని చూస్తుంటాయి.

"మరి వరసలో మొదటిది, చివరిది చేతులు కలిపేస్తే?" అని అడిగాను.

"అదే నేను చెప్పబోతున్నది," అని ఆ పిల్ల ఆరు మూలల వలయం గీసింది. "వలయంలోనూ హైడ్రోజన్లు నిండుగా ఉన్నవి ఉంటాయి, వాటితో గొడవ లేదు. కానీ ఈ బెంజీన్ జాతి వేరు. ఒక్కో కార్బన్‌కు ఒక్కటే హైడ్రోజన్. వీటిని ఆరోమాటిక్ అంటారు. పరిమళం అని అర్థం. పేరుకే లెండి. బట్టల్లో వేసే కలరా ఉండల్లో ఇలాంటి వలయాలు రెండు అతుక్కుని ఉంటాయి. సరిగా శుద్ధి చెయ్యని నూనెల్లో మూడు, నాలుగు, ఐదు అతుక్కున్నవీ ఉంటాయి. కార్బన్ ఎక్కువ, హైడ్రోజన్ తక్కువ కదా. మామూలు దీపంలో పూర్తిగా కాలవు. మిగిలిన కార్బనే మసి."

"చేతులకి?"

ఆమె తల ఎత్తలేదు. "అలాంటి నూనె చర్మానికి మంచిది కాదు పిన్నిగారూ. ముందు పొక్కులు. ఏళ్ళ తరబడి అందులోనే ఉంటే వచ్చే పుళ్ళు మానేవి కావు."

ఆ చిన్నపిల్లకు నేను ఈ రోజుకీ దండం పెట్టుకుంటాను. నేను బడికి వెళ్ళలేదని తెలిసి కూడా నేల మీద నా పక్కన కూర్చుని చెప్పింది. ఏదీ తగ్గించి చెప్పలేదు, ఏదీ పెంచి చెప్పలేదు.

మధ్యాహ్నం అన్నాల వేళ ప్యాకింగ్ షెడ్డులో మూడు ప్రమిదలు పెట్టాం. ఒకదానిలో మా ఇంటి నువ్వుల నూనె, ఒకదానిలో పాత డ్రమ్ము నూనె, ఒకదానిలో ట్రయల్ డ్రమ్ము నూనె. వత్తులు మూడూ ఒకే లావున నేనే చేశాను. నువ్వుల నూనె హైడ్రోకార్బన్ కాదనీ, అందులో ఆక్సిజన్ కూడా ఉంటుందనీ, పోల్చి చూడడానికి మాత్రం పనికొస్తుందనీ కెమిస్ట్ అమ్మాయి చెప్పింది. దీపాల పైన బోర్లించడానికి స్టీలు మూతలు కావాలి. ఆడవాళ్ళు రెండు ఇచ్చారు. మూడోది మేస్త్రీని అడిగాను.

"నా క్యారేజీ మూతేటి? సర్లెండి, పంతులమ్మగోరు అడిగితే కాదంటానా," అని ఇచ్చాడు. ఆయన మూత ట్రయల్ నూనె మీదికి వచ్చింది. కావాలని పెట్టలేదు. పెట్టినా తప్పు లేదు.

చూస్తుండగానే ఆ మూత కింద నల్లటి జెండా లేచినట్టు పొగ లేచింది. తీసి తిప్పి చూస్తే అడుగంతా కాటుకే. పాత నూనె మూత మీద పల్చటి చార, నువ్వుల నూనె మూత మీద గోధుమ రంగు మరక.

"నా మూత! ఇంటికాడ మా ఆడది సంపేస్తాది నన్ను."

"నీ మూతకి కూడా అమ్మోరు పోసినాదేటి మావా?" అని గరివిడామె అడిగింది. షెడ్డంతా నవ్వింది. ఆ నవ్వుల్లోనే ఆమె యంత్రం మీద రెండో పక్క పనిచేసే ఆడమనిషి మెల్లగా లేచి వచ్చి తన చెయ్యి చాపింది. అవే పొక్కులు. పసుపు రాసి దాచుకుంది. ఆమె వెనక, అదే యంత్రం మీద రెండో షిఫ్టు చేసే ఇద్దరు. నవ్వులు ఆగిపోయాయి. మేస్త్రీ ఆ చేతులూ చూశాడు, తన మూతా చూశాడు.

"ఇది అనుమానమే, రుజువు కాదు," అంది కెమిస్ట్ అమ్మాయి. సీసాలో నమూనా పోసి సీలు వేసి బయటి ల్యాబుకు పంపింది. పంపడానికి మేనేజరుగారు ఒప్పుకున్నారు. ఆ మాట కూడా చెప్పాలి. ఆయన చెడ్డవాడు కాదు. తొందరలో ఉన్న మనిషి, అంతే. కానీ తొందర కూడా ఒక్కోసారి చెడ్డతనం చేసే పనే చేస్తుంది.

ఇక్కడ మా మిల్లు ఆచారం ఒకటి చెప్పాలి. నూనె డ్రమ్ములు వచ్చినప్పుడు టెస్టింగ్ గది వాళ్ళు చూసి, మంచిదైతే ఒక్కో డ్రమ్ముకూ కుంకుమ బొట్టు పెట్టాలి. బొట్టున్న డ్రమ్మునే కూలీలు దొర్లించి ట్యాంకు దగ్గరికి తీసుకెళతారు. నాకు ముందు ఆ పని చేసిన పెద్దాయన మొదలుపెట్టాడు. ఒకసారెప్పుడో ఫినాయిలు డ్రమ్మును నూనె అనుకుని ట్యాంకులో పోసేశారట. దొర్లించేవాళ్ళకు అక్షరాలు రావు, రబ్బరు ముద్ర చెరిగిపోతుంది. బొట్టు అయితే అందరికీ తెలుస్తుందని ఆయన ఆలోచన. రిటైరవుతూ తన కుంకుమ భరిణె నా చేతిలో పెట్టి, "అమ్మా, ఇది పూజ కాదు, పూచీ," అన్నాడు. ట్రయల్ డ్రమ్ముకు మాత్రం బొట్టు పెట్టే పద్ధతి లేదు. ఆ సందులోంచే ఆ నూనె లోపలికి వచ్చింది.

లారీ సరుకు వచ్చింది. డ్రమ్ములు యార్డులో దించారు. పాత నూనె ట్యాంకులో అడుగంటింది. ల్యాబు రిపోర్టు ఇంకా రాలేదు. బియ్యం సంచుల ఆర్డరు ఒకటి నెత్తి మీద ఉంది. గరివిడామెను అప్పటికే యంత్రం దగ్గరికి రానివ్వడం లేదు. యార్డు ఊడ్చే పనిలో పెట్టారు.

మేనేజరుగారు నన్ను యార్డుకు పిలిపించారు.

"ఏమ్మా, బొట్టు పెట్టెయ్యండి. రిపోర్టు వచ్చాక చూసుకుందాం."

"రిపోర్టు వచ్చాకే పెడతానండి."

"మీరు కెమిస్టా?"

"కాదండి. బొట్టు పెట్టే మనిషిని."

ఆయన గొంతు తగ్గించారు. "చూడండమ్మా, ఈ ఆర్డరు పోతే షిఫ్టు ఎత్తేస్తారు. షిఫ్టు ఎత్తేస్తే మిల్లెంత కాలం నడుస్తుందో మీకు తెలుసు. చుట్టుపక్కల ఎన్ని మిల్లులు పోయాయో చూశారు కదా. రేపు ఇన్ని కుటుంబాలకి మీరు అన్నం పెడతారా?"

ఆ మాట నాకు తగలలేదని చెప్పను. మా ఇంట్లోనూ నా జీతమే అన్నం. ఆయన చెప్పింది అబద్ధమూ కాదు. కానీ నాన్నగారు గుర్తొచ్చారు. ఒకసారి ఊరి పెద్ద ఒకడు, దాయాది పొలం కలిపేసుకుని, పట్టా చేతికొచ్చిందని గుడికొచ్చి ఆశీర్వచనం చెయ్యమన్నాడు. నాన్నగారు తీర్థం ఇచ్చారు, ప్రసాదం ఇచ్చారు. చెయ్యి మాత్రం ఎత్తలేదు. ఇంటికొచ్చి నాతో, "తెలిసి తెలిసి అబద్ధానికి చెయ్యి ఎత్తితే, ఆ తరవాత ఏ నిజానికీ ఆ చెయ్యి పనికిరాదమ్మా," అన్నారు. ఆ నెల మా ఇంటికి గింజలు తక్కువొచ్చాయి.

"నేను పెట్టనండి," అన్నాను.

"అయితే ఆ భరిణె ఇలా ఇవ్వండి."

భరిణెను కొంగున కట్టి ముడి వేసి, ముడిని బొడ్లో దోపుకున్నాను. నా వయసు ఆడదాన్ని ఎవరూ ముట్టుకోరని నాకు తెలుసు. ఆ ధీమా వాడుకున్నాను.

నా వెంట వచ్చిన కెమిస్ట్ అమ్మాయి ఒక అడుగు ముందుకేసి, "సార్, రిపోర్టు..." అంది.

"నువ్వు ఉద్యోగంలో చేరి ఎన్నాళ్ళైందమ్మా?" అన్నారాయన. ఆ పిల్ల ఆగిపోయింది. కానీ అక్కడి నుంచి కదల్లేదు. అందరూ వెళ్ళేదాకా నా పక్కనే నిలబడింది.

మేనేజరుగారు గేటు బయట కొట్టు నుంచి కుంకుమ పొట్లం తెప్పించారు. తానే స్వయంగా, ఒక్కో డ్రమ్ముకూ వేలు అద్ది బొట్టు పెట్టారు. నాకంటే గుండ్రంగా పెట్టారు కూడా. నేను చూస్తూ నిలబడ్డాను. బొట్టు ఉంది. ఇక దొర్లించకపోవడానికి కారణం లేదు. మేస్త్రీ పెదవి కొరుక్కుంటూ మొదటి డ్రమ్ము మీద చెయ్యి వేశాడు.

యార్డు చివర చీపురు కింద పడిన చప్పుడైంది. గరివిడామె వచ్చింది. చేతులకు పాత గుడ్డ చుట్టుకుని ఉంది. ఎవరి వైపూ చూడలేదు. నేరుగా ఆ డ్రమ్ము దగ్గరికెళ్ళి, ఆ గుడ్డ చుట్టిన చేత్తోనే బొట్టు తుడిచేసింది.

అప్పటికే యార్డులో గుమిగూడిన ఆడవాళ్ళందరూ ఉలిక్కిపడ్డారు. మన దగ్గర బొట్టు చెరపడమంటే ఏమిటో నేను చెప్పక్కర్లేదు.

"ఒసే! ఏటే ఆ పని? బొట్టు సెరుపుతావేటి? పుణ్యస్త్రీవి కావేటే నువ్వు?" మేస్త్రీ అరిచాడు.

"పుణ్యస్త్రీనే మావా. అందుకే సెరుపుతన్నాను. పంతులమ్మ ఎట్టనిది బొట్టేటి? ఇది కుంకం, అంతే." చేతి గుడ్డ విప్పి ఆయన ముఖం ముందు పెట్టింది. "సూడు. దీనికి నువ్వు తల్లి పేరెట్టినావు. నలుగురిలో నన్ను మైల మనిసిని సేసినావు. ఇప్పుడు సెప్పు, తల్లి ఈ డ్రమ్ములో ఉన్నాదేటి? ఉంటే దండం ఎట్టి దొర్లించు. నేనడ్డు రాను."

మేస్త్రీ డ్రమ్ము మీద నుంచి చెయ్యి తీసేశాడు.

"అరిష్టం," అన్నారు మేనేజరుగారు.

"అబద్దం బొట్టు ఉంచితే అరిస్టం బాబూ. సెరిపితే కాదు."

రెండో డ్రమ్ము బొట్టు ఆమె పక్కన పనిచేసే ఆమె తుడిచింది. తరువాత ఎవరు ఏది తుడిచారో నాకు తెలియదు. నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. యార్డంతా చీర చెంగులు ఎర్రబడ్డాయి.

"అందరికీ గేటు మూసేస్తాను!" అని మేనేజరుగారు అరిచారు.

"మూసెయ్యండి బాబూ," అంది గుంపులోంచి ఒక ముసలామె. "సేతులు బాగుంటే ఏ మడిలోనైనా నాట్లేసుకుంటాం. సేతుల్లేకపోతే మీ మిల్లులో ఏటి సేసుకుంటాం?"

ఆ షిఫ్టులో ఆ నూనె యంత్రానికి చేరలేదు. తరువాత కూడా చేరలేదు. రిపోర్టు వచ్చింది. శుద్ధి సరిగా లేని నూనె, వలయాలు ఉండవలసిన దానికంటే చాలా ఎక్కువ, చర్మానికి హాని అని తేల్చింది. డ్రమ్ములు మళ్ళీ లారీ ఎక్కాయి. బ్యాచింగ్‌లో సబ్బు, చేతి తొడుగులు పెట్టారు. ఆర్డరు ఆలస్యమైంది, పోలేదు. మిల్లు ఆ కారణంగా మూతపడలేదు. ఆ తరువాతెప్పుడో తిండిగింజల సంచులకు తవుడు నూనె వాడడం మొదలైంది. అది మా వల్లే అని నేను గొప్ప చెప్పుకోను. కాలం తెచ్చింది. మేము కాలానికి అడ్డం పడలేదు, అంతే.

నన్ను టెస్టింగ్ గది నుంచి తీసి సంచులు కట్టే షెడ్డుకు మార్చారు. భరిణె అడిగారు. పూచీ మార్చలేను, కావాలంటే కొత్తది కొనుక్కోండని చెప్పి ఇంటికి తెచ్చేసుకున్నాను. నా దేవుడి గూట్లో ఇప్పటికీ ఉంది. మేస్త్రీ మరుసటి శుక్రవారం తన ఇంటి నుంచి సీసాడు నువ్వుల నూనె తెచ్చి తల్లి పటం కింద పెట్టాడు. క్షమించమని ఎవరినీ అడగలేదు. ఆయనకు అంతకంటే చేతకాదు.

గరివిడామె పేరు మాత్రం గేటు దగ్గర మళ్ళీ పిలవలేదు. నేను మేనేజరుగారి దగ్గరికి వెళ్ళి అడిగాను, మళ్ళీ వెళ్ళాను. బదిలీ వాళ్ళను పిలవడం అవసరాన్ని బట్టి అన్నారు. కొన్నాళ్ళు పొద్దుటే గేటు బయట ఆమె పక్కన నేనూ నిలబడ్డాను. ఆమె పేరు పిలిచేదాకా లోపలికి వెళ్ళనని. ఆలస్యం రాసుకున్నారు, జీతం కోసుకున్నారు. ఒక రోజు ఆమే నా భుజం మీద చెయ్యి వేసి లోపలికి నెట్టింది.

"ఎల్లప్పా. ఇద్దరం బయటుంటే లోపల సూసేదెవరు?"

ఆ పోరు నేను గెలవలేదు. ఓడిపోయానని ఒప్పుకోవడానికీ సిద్ధంగా లేను. ఆ యార్డులో నేను మళ్ళీ నిలబడవలసి వస్తే మళ్ళీ బొట్టు పెట్టను. ఆమె మళ్ళీ చెరుపుతుంది. ఇది మా ఇద్దరికీ తెలుసు.

ఆమె ఇప్పుడు కౌలుకు తీసుకున్న పొలం చెక్కలో గోంగూర, ఆకుకూరలు వేసి గజపతినగరం సంతకు తెస్తుంది. పుళ్ళు మానాయి. మచ్చలు ఉన్నాయి. వారం కిందట వెళ్ళినప్పుడు, నీ గురించి రాస్తున్నానే, పేరు రాయనా అని అడిగాను. కట్ట కడుతూనే నవ్వింది.

"పేరెందుకప్పా? పేరు పిలవనోలకి పేరేటి. సెయ్యి గుర్తెట్టుకోమను. సాలు."

అందుకని పిల్లలూ, హైడ్రోకార్బన్ల పాఠంలో ఆరు మూలల వలయం గీసినప్పుడు, ఇంట్లో బియ్యం గోనె విప్పినప్పుడు, ఆ చెయ్యిని ఒక్కసారి తలుచుకోండి. గుడ్డ చుట్టుకుని, రసి కారుతూ, అందరూ చూస్తుండగా అబద్ధపు బొట్టును చెరిపిన చెయ్యి అది.